పాతిక ఆంపియర్లు

నాలుగింటికి వాణ్ణి కోర్టుకి పంపేస్తానని సీఐ గారు చెప్పినప్పుడు స్టేషన్ గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. ఆ గడియారం పది నిమిషాలు వెనకబడి నడుస్తుంది. నేనదే స్టేషన్లో పద్నాలుగేళ్ళు పనిచేశాను, అప్పుడూ అంతే. అంటే నా చేతిలో మిగిలింది నాలుగు గంటల నలభై నిమిషాలు, దానికి తోడు ఒక మోకాలి నొప్పి.

"ఒప్పుకున్నాక కూడా ఇంకేం పని మేడమ్ మీకు?" అన్నాడాయన. మనిషి చెడ్డవాడు కాదు. పైనుంచి ఫోన్లొస్తే తట్టుకోలేడు, అంతే.

నాకేం పనో కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఊరి చివర ఒక ఆస్పత్రి ఉంది. అక్కడిదాకా కరెంటు స్తంభాలు పోలేదు. పైకప్పు మీద సోలార్ పలకలు, వెనక గదిలో బ్యాటరీలు, వాటి మీదే మొత్తం ఆస్పత్రి నడుస్తుంది. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఆ బ్యాటరీల గది పేలింది. లోపల ఉన్న స్టోర్ కీపర్ అక్కడికక్కడే పోయాడు. ఆ సోలార్ పని మొదట్నుంచీ చూసేది ఆయన బావమరిది. జేబులో టెస్టర్ లేకుండా వీధిలోకి రాడు కాబట్టి అందరూ వాణ్ణి టెస్టరనే పిలుస్తారు. ఇప్పుడు స్టేషన్ వెనక గదిలో కూర్చుంది వాడే.

నన్ను పిలిపించింది పోయినాయన భార్య, అంటే టెస్టర్‌కి సొంత అక్క. ఇంట్లోనే మిషను పెట్టుకుని ఆస్పత్రికి దుప్పట్లూ గౌన్లూ కుడుతుంది. ఏడుపు లేకుండా మాట్లాడింది. "తప్పు నా తమ్ముడిదైతే నాకు దాచకండి. వాడిది కాకపోతే ఎవరిదో చెప్పండి. ఏదైనా వింటాను గానీ ఇట్లా మధ్యలో వేలాడలేను," అంది. తమ్ముడి మొహం చూడనని తలుపేసుకుంది. అయినా నన్ను పిలిచింది. అక్కలు అంతే, తలుపేసినా కిటికీ తెరిచి ఉంచుతారు.

సీఐ గారు రెండు కాగితాలు నా ముందుకి తోశాడు. ఒకటి టెస్టర్ ఒప్పుకోలు. మంగళవారం పదీ నలభై ఏడుకి బావ నాకు ఫోన్ చేశాడు, బ్యాటరీలు తీసుకెళ్ళారని చెప్పాడు, నేను సరిగ్గా ఆలోచించకుండా పాతిక తగ్గించమన్నాను, అందుకే పేలింది, నాదే తప్పు. కింద సంతకం. రెండోది స్టోర్ కీపర్ రోజూ రాసే పుస్తకంలోని పేజీ. శిథిలాల కింద దొరికిందట, అంచులు కాలిపోయాయి, అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి: "10.52. అంకె 75 నుంచి 50కి మార్చాను. పాతిక తగ్గించమని బావమరిది చెప్పాడు."

"రెండు రోజులు నోరు విప్పలేదండీ," అన్నాడు సీఐ. "నేను సరిగ్గానే చెప్పాను, ఎక్కడో తేడా జరిగింది, అదే పాట. పొద్దున ఈ పేజీ చూపించాం. చదివాడు. మంచినీళ్ళడిగాడు, తాగలేదు. ఏం రాసుకుంటారో రాసుకోండి సార్, సంతకం పెడతానన్నాడు."

నా సర్వీసులో దెబ్బలకి ఒప్పుకున్నవాళ్ళని చూశాను, సిగరెట్టుకి ఒప్పుకున్నవాళ్ళని చూశాను. ఒక్క వాక్యం చదివి ఒప్పుకున్నవాణ్ణి చూడలేదు. పది నిమిషాలు వాడితో మాట్లాడనివ్వమన్నాను. సరే కానివ్వమన్నాడాయన.

టెస్టర్‌కి ముప్ఫై ఉంటాయేమో. నాలుగు రోజుల గడ్డం, జేబు ఖాళీ. అందులోని పరికరం పోలీసులు తీసేసుకున్నారు కాబోలు, చెయ్యి మాటిమాటికీ జేబు మీదికి పోయి ఉత్తినే తిరిగొస్తోంది. నేను తప్పు సంగతి అడగలేదు. నాకు సోలార్ తెలీదు, పెట్టె ఎట్లా పనిచేస్తుందో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పమన్నాను. పనివాణ్ణి పని గురించి అడిగితే కన్నీళ్ళ మధ్య కూడా చెప్తాడు. వీడూ చెప్పాడు.

పలకల నుంచి వచ్చే కరెంటు తిన్నగా బ్యాటరీల్లోకి పోకూడదట. మధ్యలో ఒక పెట్టె ఉంటుంది. ఎండ ఎంత కాసినా, ఆ పెట్టెలో మనం పెట్టిన అంకె దాటి బ్యాటరీల్లోకి పోదు. బిందెకి కుళాయి ఎట్లాగో అదీ అట్లాగే. ఆస్పత్రి బ్యాటరీలు వరసకి నాలుగు చొప్పున మూడు వరసలు. ఒక్కో వరస పాతిక ఆంపియర్లు ఓర్చుకుంటుంది. అందుకని పెట్టెలో డెబ్భై ఐదు పెట్టాడు. ఓర్చుకునేదానికంటే ఎక్కువ పోస్తే ముసలి బ్యాటరీలు కుండలో నీళ్ళలా మరుగుతాయి, గ్యాసు వదులుతాయి. మూసిన గదిలో ఆ గ్యాసు నిండితే లైటు స్విచ్చు నొక్కినప్పుడు వచ్చే రవ్వ చాలు.

"బావ ఎన్ని వరసలు తీసుకెళ్ళారన్నాడు?" అన్నాను, నోటుపుస్తకంలోంచి తలెత్తకుండా.

"రెండు."

అనేశాక నా మొహం చూశాడు. నేనూ చూశాను.

"రెండు పోతే ఒక్కటే మిగిలింది. అంటే పెట్టెలో పాతికే ఉండాలి. నిద్రలో లేపి అడిగినా చెప్తావు ఆ లెక్క. మరి పాతిక తగ్గించమని ఎట్లా చెప్పావు? డెబ్భై ఐదులోంచి పాతిక పోతే యాభై. ఒక్క వరసలోకి యాభై పంపమన్నావా?"

"నోరు జారింది మేడమ్."

"నీ నోరు జారేదైతే నువ్వీ పని పదేళ్ళు చేసుండేవాడివి కాదు."

ఫోన్ ఎంతసేపు మాట్లాడావంటే గుర్తు లేదన్నాడు. ఎక్కడున్నావంటే అక్కావాళ్ళింట్లో అన్నాడు. ఏం చేస్తున్నావంటే మేడ మీద నీళ్ళ ట్యాంకు పైపు బిగిస్తున్నానన్నాడు. ఇక అడక్కండన్నట్టు గోడవైపు తిరిగాడు. నేను లేచి గుమ్మం దాటుతుంటే, అక్క అన్నం తింటోందా అని అడిగాడు. నీ మొహం చూడనంటోందని ఉన్నదే చెప్పాను. ఇట్లాంటప్పుడు అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"పర్లేదు మేడమ్," అన్నాడు. "నా మీద కోపంగా ఉందిగా. కోపం ఉంటే మనిషి నిలబడతాడు."

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆటోలో కూర్చున్నాక కూడా చెవిలో ముల్లులా తగులుతూనే ఉంది.

ఆస్పత్రికి చేరేసరికి పన్నెండు ముప్పావు. ముసురు పట్టింది. వార్డుల్లో దీపాల్లేవు, కిటికీల పక్కకి మంచాలు జరిపి రోగులకి మందులిస్తున్నారు. హెడ్ నర్సు నన్ను వెనక వరండాలోకి తీసుకెళ్ళింది. గుండెలు తీసిన బంటు అంటారే, అట్లాంటి ఆడమనిషి, అయినా ఆ వరండా చివరికి వచ్చేసరికి అడుగు నెమ్మదించింది.

పెట్టె వరండా గోడకే ఉంది, గది బయట. అద్దం బీటలు వారినా, పలకల కరెంటుతో ప్రాణం నిలుపుకుంది. లోపల అంకెలు దాచుకునే చిన్న జ్ఞాపకం ఉంటుందని, ఏ మీటలు నొక్కితే ఏం కనపడుతుందో టెస్టర్ చెప్పి పంపాడు. నొక్కాను. మంగళవారం 10:52కి డెబ్భై ఐదు యాభై అయింది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. పుస్తకంలో రాసిందీ ఇదీ నిమిషం తేడా లేకుండా కలిశాయి. అంతకుముందు నాలుగు రోజులు మబ్బు, బ్యాటరీలు అడుగంటి ఉన్నాయి. మంగళవారం ఎండ పేలిపోయింది. పదకొండు నుంచీ యాభైకి యాభై కరెంటూ పోతూనే ఉంది.

హెడ్ నర్సు చెప్పింది క్లుప్తంగా ఇదీ. పొద్దున ఎనిమిదింటికి వ్యాను వచ్చింది. ఆస్పత్రి నడిపే పెద్ద డాక్టరు గారి కొత్త బిల్డింగుకని బ్యాటరీలు మోసుకుపోయారు. టెస్టర్‌ని పిలిచి చేయించండని స్టోర్ కీపర్ మొత్తుకున్నాడు, వినలేదు. ఒంటిగంట దాటాక వరండా అంతా కుళ్ళిన గుడ్ల వాసన. ఏంటో చూసొస్తానని ఆయన తలుపు తీసి లోపలికి వెళ్ళాడు. లోపల చీకటి. లైటు వేసుంటాడు. ఆవిడ అంతకుమించి చెప్పలేకపోయింది, నేనూ అడగలేదు.

గదికి పైకప్పు సగమే ఉంది. నేల మీద బూడిద, ప్లాస్టిక్ పెంకులు, ఆసిడ్ తిన్న మరకలు. మోకాలిని బతిమాలి కూర్చుని చీపురుతో బూడిద నెట్టాను. నేలలో పన్నెండు చదరపు మచ్చలు బయటపడ్డాయి, నాలుగేసి చొప్పున మూడు వరసలు. గోడవైపు నాలుగు మచ్చలూ నల్లగా కాలిపోయాయి. మిగతా ఎనిమిదీ తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. వాటి నుంచి తలుపు దాకా ఈడ్చిన గీతలు. గోడకి పైన ఫ్యాను ఉండాల్సిన గుండ్రటి కన్నం ఉంది, ఫ్యాను లేదు. వెనక గడ్డిలో వెతికితే ఒక చెక్క పలక దొరికింది, సరిగ్గా ఆ కన్నం అంతే. నాలుగు మూలలా మేకులు, మేకులకి పొరలు పొరలుగా తుప్పు. ఈ వారం కొట్టింది కాదది. కనీసం ఒక వానాకాలం చూసిన తుప్పు. ఫ్యాను పోయినేడాదే పెద్ద డాక్టరు గారు ఊడదీయించారంది హెడ్ నర్సు.

పోలీసులు ఏరిన ముక్కలు రెండు గోనెసంచుల్లో వరండాలోనే పడేశారు. బ్యాటరీ పెంకు ఎన్ని ముక్కలైనా అవుతుంది గానీ, తీగలు బిగించే సీసపు కొమ్ములు మాత్రం ఎక్కడికీ పోవు. బ్యాటరీకి రెండు. సంచులు నేల మీద కుమ్మరించి ఏరాను. సరిగ్గా ఎనిమిది కొమ్ములు. అంటే నాలుగు బ్యాటరీలు, ఒక్క వరస.

"మేడమ్ చింతపిక్కలాడుతున్నారా?"

తలెత్తకుండానే తెలిసింది, గ్యారంటీ. డిపార్ట్‌మెంట్లో నా కింద ఆరేళ్ళు చేశాడు. నోరు తెరిస్తే 'గ్యారంటీగా' అంటాడు, ఆ పేరే మిగిలింది. ఉద్యోగం మానేసి నాలాగే సొంతంగా దర్యాప్తులు చేస్తున్నాడు. తేడా ఒక్కటే, వీడు ముందు జవాబు రాసుకుని తర్వాత ప్రశ్నలు అడుగుతాడు. ఈ కేసులో వీణ్ణి పెట్టుకుంది పెద్ద డాక్టరు. చేతిలో ఫైలు, కాళ్ళకి బూడిద అంటకుండా వరండాలోనే నిలబడ్డాడు.

కేసైపోయింది, మీరు అనవసరంగా మోకాళ్ళరగదీసుకుంటున్నారు అని సానుభూతి చూపించాడు. నేనూ వాడి ఆరోగ్యం కనుక్కుని, ఫైలులో పెద్ద డాక్టరు ఇచ్చిన ఉత్తరం ఉందటగా, చూపించమన్నాను. వాడికి దాపరికం లేదు, గర్వం ఉంది. చూపించాడు. ఆస్పత్రి అవసరార్థం ఒక వరస, అంటే నాలుగు బ్యాటరీలు మాత్రమే తరలించాం, పేలేటప్పుడు గదిలో ఎనిమిదున్నాయి అని రాసి ఉంది. కింద సంతకం, ముద్ర.

"ఎనిమిదున్నాయంటావు?"

"గ్యారంటీగా."

"రెండు వరసలు. వరసకి పాతిక చొప్పున రెంటికీ యాభై. పెట్టెలో ఉన్నదీ యాభయ్యే. మరి తప్పు ఎక్కడుంది? నీ ఉత్తరం నిజమైతే టెస్టర్ చెప్పింది అక్షరాలా సరైన మాట. వాణ్ణి వదిలెయ్యి." సీసపు కొమ్ములు ఒక్కొక్కటే వాడి బూట్ల ముందు వరసగా పెట్టాను. "లేదూ నాలుగే ఉన్నాయి అంటావా, అప్పుడు మీ డాక్టరు సంతకం పెట్టి అబద్ధం రాశాడు. ఏదో ఒకటి ఎంచుకో. రెండు పడవల మీద కాళ్ళు పెడితే మునిగేది నువ్వే."

గ్యారంటీ మొహంలో రంగు మారింది. వాడు తెలివితక్కువవాడు కాదు, అదే నా ఖర్మ. కాసేపు కొమ్ముల్నీ, నేల మీది మచ్చల్నీ చూశాడు. తర్వాత మెల్లిగా నవ్వాడు.

ఉత్తరం గుమాస్తా పొరపాటని సర్దుకుంటామన్నాడు. సరే, రెండు వరసలు పోయాయనే అనుకుందాం. పాపం టెస్టర్‌కి ఆ సంగతి తెలీదు, ఒకటే పోయిందనుకుని పాతిక తగ్గించమన్నాడు. నిర్లక్ష్యమే. వాడు ఒప్పుకున్నదీ అదే.

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. ముప్ఫై ఏళ్ళుగా ఎందరికో చెప్పిన పాఠం. కానీ వాడి నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అప్పుడూ అంతే ఇప్పుడూ అంతే.

"వాడికి తెలుసు," అన్నాను. "రెండు వరసలని బావ చెప్పాడని నాతోనే అన్నాడు."

గ్యారంటీ ఫైలు మూశాడు. వాడి నవ్వు ఆగిపోయింది.

"తెలిసి కూడా ఒక్క వరసలోకి యాభై పంపమన్నాడా? అయితే మేడమ్, అది నిర్లక్ష్యం కాదు. పదేళ్ళ పనితనం ఉన్నవాడు, తెలిసి తెలిసి, సొంత బావకి తప్పు అంకె చెప్పాడు. దాన్నేమంటారో నాకు నేర్పింది మీరే."

హత్య అంటారు. తవ్వి తవ్వి పైకి తీద్దామనుకున్నవాణ్ణి నా చేత్తోనే ఇంకా లోతుకి తోశాను. గ్యారంటీ గొడుగు తెరిచి గేటువైపు నడుస్తూనే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. సీఐకే, ఇంకెవరికి. నా మీద నాకే అసహ్యమేసింది. నాలుక అదుపులో లేని ముసలిదానికి డిటెక్టివ్ పనెందుకు, మనవల్ని ఆడించుకోక.

రెండు పదికి స్టేషన్‌కి తిరిగొచ్చాను. అప్పటికే గాలి మారిపోయింది. సెక్షన్ మార్చాలేమో చూస్తున్నామన్నాడు సీఐ, నా వైపు చూడకుండా. గ్యారంటీ పక్క కుర్చీలో టీ తాగుతున్నాడు. నేను పోట్లాడలేదు. పోయినాయన ఫోన్ ఒక్కసారి చూపించమన్నాను. పేలినప్పుడు అది స్టోరు గదిలో ఛార్జింగుకి పెట్టి ఉందట, కాబట్టి మిగిలింది. కానిస్టేబుల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మంగళవారం, 10:45. బావమరిది. జవాబు లేదు. 10:46. బావమరిది. జవాబు లేదు. 10:47. మూడు నిమిషాలు మాట్లాడాడు. ఆ కాల్ పక్కన పేరు 'ఇల్లు' అని ఉంది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఇంకే కాలూ లేదు, రావడమూ లేదు, పోవడమూ లేదు.

"ఇల్లన్నా బావమరిదన్నా ఒకటే కదండీ," అన్నాడు సీఐ. "ఆ టైముకి వాడా ఇంట్లోనే ఉన్నాడు. అక్క ఫోన్ తీసుకుని మాట్లాడుంటాడు."

"ట్యాంకు మీదున్నవాడా?" అన్నాను.

ఆయన పట్టించుకోలేదు. నాకు మాత్రం ఒప్పుకోలు కాగితం గుర్తొచ్చింది. వాడు నిజంగా మాట్లాడి ఉంటే, బావ నాకు ఫోన్ చేశాడని ఎందుకు రాశాడు, అక్క ఫోన్‌కి చేశాడని రాస్తే పోయేదిగా. ఆ ఒప్పుకోలులో అక్క అన్న మాటే లేదు. ఎంత జాగ్రత్తగా లేదంటే, ఆ ఇంట్లో ఆ రోజు అక్క లేనట్టే రాశాడు. రెండు రోజులు సరిగ్గానే చెప్పానన్నవాడు, పేజీ చదవగానే ఎందుకు మారాడో అప్పుడు తెలిసింది. పాతిక తగ్గించమని చెప్పాడు, అని బావ రాసుకున్నాడు. వాడు చెప్పింది అది కాదు. అది బావ విన్నది.

వాడి దగ్గరికి వెళ్ళి అడగొచ్చు. చచ్చినా చెప్పడు. మిగిలింది ఒక్క ఇల్లు.

ఆటోలో వెళ్తుంటే రెండుసార్లు వెనక్కి తిప్పమందామనుకున్నాను. నిజం చెప్పనా. భయమేసింది. నేరస్తుల ఇళ్ళకి ఒంటరిగా వెళ్ళినప్పుడు కూడా అంత భయపడలేదు. ఏదైనా వింటానంది ఆవిడ. జనం ఆ మాట అంటారు. ఏదైనా అంటే ఏమిటో తెలియక అంటారు.

మూడూ పదికి తలుపు తట్టాను. ఆవిడ మిషను ముందే ఉంది. ఆస్పత్రి గౌన్లు కుడుతోంది, ఆ పని ఇంకెవరు చేస్తారంది. గోడకి వేలాడే టేపు, సుద్దముక్కలు, కొలతలు రాసిన చీటీలు ఒక మేకుకి. పక్క బల్ల మీద కంచంలో పెట్టిన అన్నం అట్లాగే ఎండిపోయి ఉంది. నేను స్టూలు లాక్కుని కూర్చుని, మంగళవారం పదీ నలభై ఏడుకి ఎవరు ఫోన్ చేశారని అడిగాను.

ఆయనే, అంది వెంటనే. దాచే మనిషి కాదు. బ్యాటరీలు రెండు వరసలు పట్టుకుపోయారట, పెట్టెలో అంకె ఎంత పెట్టాలో తమ్ముణ్ణి అడుగు, వాడు ఫోన్ తియ్యడం లేదన్నాడట. తమ్ముడి ఫోన్ కిందే బల్ల మీద ఉంది, వాడేమో మేడ మీద ట్యాంకు దగ్గర. ఈవిడ వాకిట్లో నిలబడి పైకి అరిచి అడిగింది, వాడు పైనుంచి అరిచి చెప్పాడు, అది ఫోన్లో ఆయనకి చెప్పింది.

"ఈ సంగతి నాకు ముందు చెప్పలేదేమమ్మా?"

"అది లెక్కలోది కాదు కదండీ. ఆ తర్వాత వాడే ఆయనకి ఫోన్ చేసి ఇంకోలా చెప్పాడట. అక్కడే తప్పు జరిగిందని వాడే చెప్పి పంపించాడు, పొద్దున కానిస్టేబుల్‌తో."

రెండో ఫోన్ లేదు. నేను నా కళ్ళతో చూసొచ్చాను. లేచి వెళ్ళిపోవడానికి నాకు అదొక్కటే అవకాశం. వెళ్ళిపోతే వాడు హత్య కేసులో పోతాడు. ఈవిడ తమ్ముణ్ణి తిట్టుకుంటూ నిలబడుతుంది. వాడు కోరుకున్నదీ అదే. నిజంగా చెప్తున్నాను, ఆ స్టూలు మీంచి లేవబోయాను. కానీ మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి నిజం కావాలని నన్ను అడిగింది. అబద్ధం కావాలంటే గ్యారంటీ ఉన్నాడుగా.

"పైనుంచి వాడు ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి. వాడి మాటల్లోనే."

"పాతిక్కి తగ్గించమను బావని, అని అరిచాడు."

"మీరు ఫోన్లో ఏమన్నారు?"

"అదే చెప్పానండీ. పాతిక తగ్గించమంటున్నా..."

ఆగిపోయింది. చెయ్యి మిషను చక్రం మీద అట్లాగే ఉంది. బయట ముసురు, ఎక్కడో రేకు మీద నీళ్ళు పడుతున్నాయి. పెదాలు కదిపి లోపల్లోపల ఒకసారి చెప్పుకుంది, మళ్ళీ చెప్పుకుంది. నేను నేల చూశాను.

"ముందు ఎంతుంది అందులో?" అంది.

"డెబ్భై ఐదు."

"పాతిక తీస్తే యాభై." మేకుకున్న కొలతల చీటీల వైపు చూసింది. "నడుము ముప్ఫైకి తగ్గించమంటారు, ముప్ఫై తగ్గించెయ్యం కదండీ. ఇరవై రెండేళ్ళుగా ఈ మాటల మీదే బతుకుతున్నాను. గుడ్డ దగ్గర ఒక్కనాడూ ఈ తప్పు చెయ్యలేదు."

చెప్పాల్సినవన్నీ చెప్పాను. అడక్కుండా రెండు వరసలు మోసుకుపోయింది పెద్ద డాక్టరు మనుషులు, ఫ్యాను ఊడదీసి కన్నానికి చెక్క కొట్టింది వాళ్ళు, గాలి ఆడి ఉంటే ఆ గ్యాసు పోయేది, అబద్ధపు ఉత్తరం రాసింది వాళ్ళు, మీరు చేసింది ఏమీ లేదమ్మా, ఒక్క అక్షరం వినపడలేదంతే. అన్నీ నిజాలే. ఒక్కటీ ఆవిడ దాకా చేరినట్టు లేదు.

నా ఫోన్ మోగింది. స్టేషన్ నంబరు. ఎత్తితే టెస్టర్ గొంతు, ఎవరి కాళ్ళు పట్టుకుని ఫోన్ సంపాదించాడో. మీరు మా అక్క దగ్గరికి వెళ్ళారటగా మేడమ్, దండం పెడతాను, ఆ ఫోన్ సంగతి మాత్రం అడక్కండి, ఏ సెక్షనైనా పెట్టుకోనివ్వండి, హత్యనే రాసుకోనివ్వండి, నేను సంతకం పెడతాను. ఒక్క గుక్కలో చెప్తున్నాడు. నేను జవాబు చెప్పేలోపు ఆవిడ చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"ఒరే," అంది. నాలుగు రోజుల తర్వాత తమ్ముడితో అదే మొదటి మాట.

అక్కా నేనే తప్పు చెప్పానే, పైనుంచి నేనే తప్పు అరిచాను, నీకేం తెలుసు అన్న గొంతు నా దాకా వినిపించింది. ఏడుస్తున్నాడు.

"పాతిక్కి అన్నావు. నేను విన్నాను. నీళ్ళు పడుతున్న చప్పుళ్ళో కూడా విన్నాను. చెప్పేటప్పుడు నా నోట్లోంచి పోయింది." ఆవిడ గొంతులో వణుకు లేదు, అదే నాకు భరించరానిదైంది. "నా తప్పు నెత్తినేసుకుని జైలుకి పోదామనుకున్నావా? నేనిక్కడ కూర్చుని నిన్ను తిట్టుకుంటూ బతకాలా? అన్నం తిన్నావా?"

ఏం చెప్పాడో వినపడలేదు.

"తిను. ఫోన్ సీఐ గారికివ్వు."

కాసేపు పెనుగులాటలాంటి చప్పుడు, వెనకాల గ్యారంటీ గొంతు ఏదో అంటోంది. తర్వాత ఎవరమ్మా అన్నాడు సీఐ. స్టోర్ కీపర్ భార్యనని చెప్పింది. మంగళవారం పదీ నలభై ఏడుకి ఆయన ఫోన్ చేసింది నాకేనని చెప్పింది. తమ్ముడు మేడ మీంచి ఏమన్నాడో, తను ఫోన్లో ఏమందో, ఒక్కో మాటా విడదీసి, కొలత రాయించినట్టు చెప్పింది. పాతిక దగ్గర ఆగింది. ఆ 'కి' ఒక్కటీ విడిగా పలికింది.

రాసుకుంటాను, మళ్ళీ మొదట్నుంచి చెప్పమ్మా అన్నాడు సీఐ.

ఆవిడ మళ్ళీ మొదట్నుంచి చెప్పింది.